మేడ మీద నీ ఫొటో

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు పాయింట్ కుక్‌లోని మన తెలుగు స్కూల్లో నీ ఫొటో ఆవిష్కరించారు. కింద ‘ఇక్కడ అందరూ మనవాళ్ళే’ అని రాయించారు. ఎక్కడ పెట్టారో తెలుసా? మేడ మీద, మ్యూజిక్ రూమ్ గోడకి. లిఫ్ట్ లేదంటూ నీ వీల్‌చైర్‌ని ఏనాడూ ఎక్కించని మేడ! పైన అందరూ పాడుతుంటే నువ్వు కింద మెట్ల దగ్గరే ఉండి గొంతు కలిపేదానివి.

“తను ఎప్పటికీ మాలో ఒకరు,” అన్నారు ప్రిన్సిపాల్. చప్పట్లు మోగుతుంటే నేను గోడ దగ్గరికి నడిచాను.

“లిఫ్ట్ పెట్టించాక పెట్టుకోండి,” అని ఫొటో తీసేశాను. ఫ్రేము బరువుగా ఉంది. అమ్మ తిడుతుందనుకున్నాను. వచ్చి రెండో వైపు పట్టుకుంది.

“పద, కార్‌లో పెడదాం. స్టెప్స్ చూసుకుని దిగు,” అంది.

నీ చెల్లి