అవ్వకు కార్డిచ్చిన రోజు

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు కరీంనగర్‌లో మీటింగు పెట్టి, డెబ్బై దాటినవాళ్లకు ఉచిత వైద్యం కార్డులు పంచారు. ఇన్నేళ్లు నీతో కాపురం చేసిన అవ్వను నేనే తీసుకెళ్లాను. నీకూ అదే కార్డు ఉండేది కదా, దాని మీద చెవి మిషన్ రాదని నిన్ను మూడుసార్లు తిప్పి పంపారు. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల మోతలో బట్ట నేసి పోగొట్టుకున్న వినికిడి వాళ్ల దృష్టిలో జబ్బే కాదట.

కార్డులు పంచడానికి వచ్చిన లీడరు సారు వృద్ధుల సేవ గురించి గంటసేపు మాట్లాడాడు. వృద్ధులంటే ఆయనకు ఎంత ప్రేమంటే, వాళ్లను ఎండలో నిలబెట్టి తను కూలర్ ముందు కూర్చున్నాడు.

అవ్వ స్టేజీ ఎక్కి కార్డు అందుకుంటూ అడిగింది.

"సారూ, గీ కార్డు మీద చెవి మిషన్ ఇస్తరా?"

ఆయన కెమెరా వైపే చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమన్నవ్ బిడ్డా? జర గట్టిగ చెప్పు."

"చెవి మిషన్లు, కట్టుడుపండ్లు, కండ్లద్దాలు ఇందుల రావమ్మా! దవాఖానల అడ్మిట్ అయితేనే!" అని ఆయన మైకులోనే అరిచాడు.

"అంటే మంచం పట్టేదాంక మేం మీకు కనవడమన్నట్టు" అని, అవ్వ ఫొటోకు నిలబడకుండా దిగి వచ్చింది. ఆ సారు ఇంకో ముసలాయన్ని పక్కకు లాక్కుని అదే నవ్వు నవ్వాడు.

తిరిగి వస్తూ ఆటోలో నేను ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అవ్వ నవ్వుతూ ప్రతి మాటకూ తల ఊపింది. "రేపు బాపు ఏడాదికి ఎవరెవరిని పిలుద్దామే?" అని అడిగాను. దానికీ అలాగే నవ్వుతూ తల ఊపింది.

చివరి రోజుల్లో నువ్వూ అట్లాగే ఊపేవాడివి. నా మాటలన్నీ ఒప్పుకుంటున్నావనుకునేదాన్ని, బాపూ.