చవితినాడు పెట్టని ఎలుక

సోమవారం రాత్రి, అల్ ఘర్రాఫా

మొన్న పెట్టిన రెండు ఎలుకలనూ జమీలా ఈ సాయంత్రం కక్కేసింది. కంపు వంటింటిదాకా వచ్చింది.

నేను పనిచేసే ఈ అరబ్బు ఇంటి మేడమ్ కూతురు నూర్ చదువుకని లండన్ వెళ్తూ, తను పెంచుకునే ఈ జమీలా అనే బోవా పామును నా చేతిలో పెట్టింది. పది రోజులకు ఒక్క ఎలుక, అంతే. ఈసారి ఆ రోజు సరిగ్గా నాగుల చవితి నాడే పడింది. మా ఊళ్ళో ఏటా పుట్టలో పాలు పోసిన చేత్తో చచ్చిన ఎలుకను ఎలా పెట్టను? గిన్నెలో పాలు పోసి దండం పెట్టుకున్నాను. అది ముట్టనైనా లేదు. పండగపూట పస్తు పెట్టానే అని మనసు పీకి, మర్నాడు ఫ్రీజర్‌లోంచి రెండు తీసి, మంచు కరిగించి, ఒకేసారి పెట్టాను.

డ్రైవర్ ఓబులేసు అది కక్కింది చూసి తల పట్టుకున్నాడు. "అంత తిండి ఒకేసారి పెడితే దానికి యాడ అరుగుతాదక్కా?" అని పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. రెండు వారాలు నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దట. మళ్ళీ కక్కితే బతకడం కష్టమట.

ఇందాక నూర్ వీడియో కాల్ చేసింది. "లక్ష్మీ, జమీలా ఖానా ఖాయా?"

"ఖాయా" అన్నాను. తిన్నమాట అబద్ధం కూడా కాదు. భగవంతుడా, రేపు పామును చూపించమంటే...

నేను అటు వెళ్తే చాలు, గాజు పెట్టె అద్దం దగ్గరికొచ్చి నాలుక ఆడిస్తోంది. ఆకలేమో. ఆకలికి పెట్టడమే తెలుసు నాకు, పెట్టకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు. ఫ్రీజర్ తాళంచెవి ఓబులేసుకు ఇచ్చేశాను. ఏడ్చి అడిగినా నాకివ్వొద్దని చెప్పాను.