కలబంద ముళ్ళకు మంచు ఊచలు

జూన్ 14
మా ఆయన సెచాబా పోయాక మైల గుర్తుగా నల్లగుడ్డ కట్టారు నాకు. వచ్చే నెల తీసేస్తారు. అందాకా పొద్దు పొడవకముందు గడప దాటకూడదు, పొద్దు గూకాక దాటకూడదు, ఎవరి మడిలోనూ అడుగు పెట్టకూడదు. పెడితే పంట నాశనమట. కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోంది.

ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం కదా, బకెట్లో నీళ్ళు రాయయ్యాయి. కిటికీలోంచి చూస్తే ఊట దగ్గర కలబంద ముళ్ళకు మంచు ఊచలు. ఎండ తగిలితే కరిగిపోతాయి. సెచాబా ఏటా చీకట్నే వెళ్ళి ఫోటోలు తీసేవాడు. అతని కెమెరా పెట్టెలో ఉంది.

జూన్ 15, ఉదయం 7
వెళ్ళాను. అత్తయ్య నిద్రలో ఉంది.

వేళ్ళు కొయ్యబారాయి. ఎండుగడ్డి పోచ ఒక్కోటి గాజు తొడుక్కుని నిలబడింది. షట్టర్ నొక్కుతుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. తిరిగి వచ్చేటప్పుడు తొందరలో పక్కింటావిడ మాటుమెలో కూరల మడికి అడ్డంపడి వచ్చాను. పైపు గడ్డకట్టకుండా కుళాయి రాత్రంతా సన్నగా వదిలేస్తుంది కదా, ఆ నీళ్ళు పారి క్యాబేజీలన్నీ మంచుగడ్డలో ఇరుక్కుపోయాయి. అదీ తీశాను.

జూన్ 16
మళ్ళీ వెళ్ళాను. ఆగలేను.

జూన్ 19
క్యాబేజీలు కుళ్ళాయి. మాటుమెలో మా వాకిట్లో నిలబడి, నీ కోడలు నల్లగుడ్డతో నా మడి తొక్కింది, నా పిల్లల నోట్లో మట్టి కొట్టింది, అని దులిపేసింది. అత్తయ్య తొణకలేదు. నా కోడలు గడప దాటలేదు, నా కొడుకు సమాధి మీద ఒట్టు, అంది.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఎల్లుండి ఊరిపెద్ద దగ్గర పంచాయితీ. తప్పు నాదని తేలితే నల్లగుడ్డ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.

జూన్ 20
కుళాయి ఫోటో కెమెరాలో ఉంది. చూపిస్తే పంట ఎందుకు పోయిందో తేలిపోతుంది. అత్తయ్య దొంగ ఒట్టు వేసిందనీ తేలిపోతుంది. ఇంత జరిగినా సిగ్గులేకుండా ఈ పొద్దున కూడా వెళ్ళొచ్చాను. నన్ను నేను తిట్టుకుంటూ వెళ్ళాను.

జూన్ 21
కెమెరా కప్పుకున్న దుప్పటి కింద పెట్టుకుని పంచాయితీకి వెళ్ళాను. కళ్ళారా చూశావా అని ఊరిపెద్ద అడిగాడు. చూళ్ళేదు గానీ ఆమే, అంది మాటుమెలో. నిన్నా ఇవాళా పొద్దు పొడవగానే వాళ్ళింటి బాటంతా వెతికాను, మంచు మీద ఒక్క అడుగుజాడ లేదు, అని కూడా తనే ఒప్పుకుంది. మరి ఎగురుకుంటూ వచ్చిందా, ముందు నీ కుళాయి కట్టెయ్ తల్లీ, అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిన్న ఆ బాటన నడిచింది నేనే.

ఇంటికొచ్చాక పెరట్లో నీడన ఆనించిన చీపురు చూశాను. పుల్లల మధ్య కరగని మంచు. అందులో కలబంద ముల్లొకటి. ఊట దగ్గర తప్ప ఇక్కడ కలబంద ఎక్కడా లేదు.

జూన్ 24
అత్తయ్య టీ ఇస్తూ, వాడి కెమెరాలో ఏమున్నాయో చూపించు అంది. అన్నీ చూసింది. రేపు వెళ్ళేటట్టయితే కాస్త ముందే లేమ్మా, ఊడవడానికి టైం చాలట్లేదు, అంది.