మీకు చెప్పకుండా పెట్టిన పొడి

డాక్టరు గారికి,

నమస్కారం. మొన్న మీరు "మా మందులు కాక ఇంకేమైనా పెడుతున్నారా?" అని అడిగితే "అబ్బే, లేదండీ" అన్నాను. అది అబద్ధం. గడ్డ కరుగుతుందని ఎవరో చెబితే, మూడు వారాలుగా పుట్టగొడుగుల పొడి, పసుపు మాత్రలు మా కుక్క తిండిలో కలుపుతూ వచ్చాను. గడ్డ తగ్గకపోగా అది తిండే మానేసింది. నిన్న అవన్నీ ఆపేశాను. ఈ ఉదయం నా చేతిలోంచి సగం గుడ్డు తిన్నది.

మీరు "ఇది తగ్గేది కాదమ్మా" అన్నప్పుడే నాకు అర్థమైంది. కానీ మావారు పోయాక ఈ ఇంట్లో నేను పేరు పెట్టి పిలిచేది దాన్నొక్కదాన్నే. చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను.

ఎన్నాళ్లుంటుందని అడగను. నొప్పి తెలియకుండా ఏమివ్వాలో చెప్పండి. ఆఖరి సూది వేయాల్సిన రోజు వస్తే, దయచేసి ఇంటికే రండి. దాన్ని మీ ఆసుపత్రిలో వదిలేసి ఒక్కదాన్నే బస్సెక్కి రావడం నావల్ల కాదు.

ఇట్లు,
నల్లకుక్క తాలూకు ఆవిడ