కడుపులో ఓడ

మేనకోడలికి,

నీ గుమ్మం మీద శాంతి నిలవాలని వేడుకునే మామయ్య రాయిస్తున్నది. చెయ్యి వణుకుతోంది కాబట్టి మీ అత్తయ్య రాస్తోంది. ప్రసంగానికి వేదిక మీద పరిశుద్ధ గ్రంథం పట్టుకుంటే పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి. సృష్టి దగ్గర మొదలుపెట్టి కడపటి తీర్పులో తేలుతున్నాను. మీ ల్యాబులో వణుకుకు చేసిన మాత్రను డాక్టరు నాకిచ్చి పరీక్షిస్తాడట. పగలంతా కడుపులోనే కూర్చుంటుందట. దేవుడు చెప్పిన పని ఎగ్గొట్టిన ప్రవక్త చేప కడుపులో కూర్చున్నాడు. ఇది పని చెయ్యడానికే కూర్చుంటుందని నమ్మేదెలా?

మామయ్య

తా.క. ఇది నా మాట. ప్రసంగం రోజు ఉపవాసం, మాత్ర కూడా మింగనంటున్నారు. – అత్తయ్య

మామయ్యకు నమస్కారాలు.

మామూలు మాత్ర మందంతా ఒక్కసారే వదిలేసి చేతులు దులుపుకుంటుంది. ఇది ఉబ్బి, కడుపులో ఉన్నదాని మీద తేలుతూ కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే కడుపు ఖాళీగా ఉంచకండి.

మీ కోడలు

తా.క. మొదట్లో ఇది మునిగేది. దానితోపాటే మా పెద్దసారు ముఖమూ మునిగేది.

అమ్మాయీ,

తేలుతుందంటే అది ఓడే. ఓడకు జలప్రళయం కావాలి. ఉపవాసం చెడకుండా మాత్ర వేసుకుని జగ్గెడు నీళ్లు తాగాను. ప్రసంగం నరకాగ్ని దాకా వచ్చేసరికి ఆ నీళ్లు నన్ను బయటికి పరుగెత్తించాయి. నన్ను చూసి ముందు వరసవాళ్లూ లేచి పరుగెత్తారు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే వణికింది. నీ ఓడ ఏ కొండ మీద ఆగిందో చెప్పు.

ఆగ్రహంతో, మామయ్య

తా.క. నవ్వుతూ రాశాను, అక్షరాలు వంకరపోయాయి. – అత్తయ్య

మామయ్యా,

తప్పు నాదే, విడమరిచి రాయాల్సింది. నీళ్లు కడుపులో నిలవవు, మాత్రను కూడా వెంటబెట్టుకుపోతాయి. కడుపునిండా భోజనం చేసి మింగండి. ఉపవాసం ఇంకో రోజుకు మార్చుకోండి. మీ చెయ్యి నిలకడగా ఉండాలని నాకూ ఉంది.

మీ కోడలు

మేనకోడలికి,

ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. భోంచేసి, మింగి, వేదికెక్కాను. గ్రంథం చేతిలో రాయిలా ఆగింది. అయ్యాక సంఘపెద్దలు పక్కకు పిలిచారు.

"అయ్యగారూ, ఇన్నాళ్లూ పరిశుద్ధాత్మ మీ చేతిలోకి దిగి వణికించడం కళ్లారా చూశాం. ఇవాళ దిగలేదు. ఏదైనా పాపం చేశారా?"

"భోజనం చేశాను."

"అదీ సంగతి," అన్నాడొకాయన.

అయినా మాత్ర మానను. ఇంటికి రాగానే అత్తయ్య నిండు కప్పు టీ చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక్క చుక్క తొణకలేదు. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంది.

కృతజ్ఞతతో, మామయ్య

తా.క. సంఘం కోసం ఇప్పుడు గొంతు వణికిస్తున్నాను. దానికి మాత్ర కనిపెట్టకు.