రాతి మీద లేని దీర్ఘం

తమ్ముడూ,

పెద్దల్ని తలుచుకునే రోజున కూడా నాకు సెలవివ్వలేదు. మొదటి బస్సుకే పోతున్నాను. ఈసారి నాయనమ్మ సమాధి పని నీదే. చీపురు, బకెట్టు, నల్లరంగు డబ్బా గుమ్మం పక్కన పెట్టాను. ముందు గడ్డి పీకి, రాయి కడిగి, బాగా ఆరనివ్వు. తడి మీద రంగు నిలవదు.

రాయి చెక్కినాయన నాయనమ్మ పేరులో రెండో అక్షరానికి దీర్ఘం మరిచిపోయాడు కదా. తాతయ్య ఏటా దాన్ని రంగుతో పెడతాడు, ఏటా వానకి పోతుంది. బ్రష్ ఆయన చేతికే ఇవ్వు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, మణికట్టు కింద నీ చెయ్యి ఆనించు చాలు. లాక్కుని నువ్వు గీసెయ్యకు. ఇన్నేళ్లూ డబ్బా పట్టుకున్నది నేను, చెయ్యి పట్టుకునే వంతు మాత్రం నీకొచ్చింది.

దీర్ఘం చెక్కించేద్దామని మళ్లీ అనకు. పోయినేడు ఆ మాట అనేసి నువ్వు గేటు దాకా వెళ్లిపోయావు, ఆయన జవాబు వినలేదు. "మీ నాయనమ్మ సాగదీసి పిలిస్తే గానీ పలికేది కాదే. చెక్కించేస్తే ఇక నాకు పిలిచే పనేముంటుంది?" అన్నాడు. గీస్తున్నంతసేపూ ఆ పేరు సాగదీసి పిలుస్తూనే ఉన్నాడు.

అన్నం వండి పెట్టాను, ఇద్దరూ తిని వెళ్లండి.

అక్క

దీర్ఘం వంకరగా వచ్చినా తుడవకు, ఏ ఏడూ తిన్నగా రాలేదు. ఇంకోటి, పిలిచాక తాతయ్య కాసేపు ఆగుతాడు. అప్పుడు తొందరపెట్టకు.