ఎర్రదారం కట్టిన పొట్టి టమాటా

అక్కయ్యకు,

ఈ ఉత్తరం వల్ల నీ కళ్ళకు కలిగే కష్టానికీ, నీ చదువుకు కలిగే నష్టానికీ, మన బాల్కనీలోకి సూర్యుడు ఆలస్యంగా వస్తున్నందుకూ, అసలు లోకంలో టమాటా పుట్టినందుకూ సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. వీటిలో ఏదీ నేను చేయలేదు. అయినా కోరుతున్నాను. నా మనసు అలాంటిది. ఫోన్‌లో చెబితే నీ అరుపు వినాల్సొస్తుందని రాస్తున్నాను.

ల్యాబ్‌లో మొక్కలకు ఎండ బదులు పెట్టే దీపాలు బాగయ్యేదాకా చూడమని ఎనిమిది పొట్టి టమాటా కుండీలు నాకప్పగించి మీటింగుకు వెళ్ళావు. "జానెడే పెరుగుతాయి, తొందరగా కాస్తాయి, మొక్క బతుకంతా బల్ల మీదే చూడొచ్చు. ఏ ఆకు పంగలో కొమ్మ వేయాలో మొక్క ఎలా తేల్చుకుంటుందో, అదేరా నా థీసిస్" అన్నావు. ఏడు పోలిక కోసమట, పోతే మళ్ళీ వేసుకోవచ్చట. నువ్వు గుర్తుకోసం ఎర్రదారం కట్టింది మాత్రం నీ ప్రాణమట. ప్రతి పంగలోనూ కొమ్మ వేసేది అదొక్కటే. దాని విత్తనం చేతికొస్తేనే నీకు డాక్టరేట్. ఇంట్లో నాకన్నా పొట్టివి అవే కాబట్టి నేనూ ఆప్యాయంగానే చూశాను.

బుధవారం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని బాల్కనీలో కూర్చుంది. ఒళ్ళో పచ్చటి కుప్ప.

"ఏంటమ్మా అది?"

"పిలకలురా. పంగల్లో మొలిచినవన్నీ తుంచేశా. ఉంచితే బలమంతా అవే లాగేస్తాయి. పాపం, దాని మొక్కలన్నీ గిడసబారిపోయాయి. వాళ్ళ సారు చూస్తే నిలబెట్టి కడిగేయడూ?"

అక్కా, నీ మీద ప్రేమతోనే నీ థీసిస్‌ను గోటితో గిల్లేసింది. నేను నోరు తెరిచేలోపే కుండీలు లెక్కపెట్టి, "ఒరేయ్, ఏడే ఉన్నాయేం?" అంది.

ఇక నేను నిజంగా చేసింది. మంగళవారమే ఎర్రదారం కుండీ ఎత్తుకెళ్ళి మందుల షాపు అమ్మాయికిచ్చాను. "మీకోసమే పెంచా" అన్నాను. నువ్వు ప్రాణమన్నది ఇవ్వకపోతే అది ప్రేమెలా అవుతుంది? అందుకే అమ్మ గోరు దానికి తగల్లేదు. దగ్గుమందు సీసాల పక్కన, కిటికీ ఎండలో, కొమ్మలన్నిటితో నిక్షేపంగా ఉంది. కాయలు రంగు తిరుగుతున్నాయి.

నిన్న వెళ్ళి వెనక్కి అడిగాను.

"ఇచ్చింది వెనక్కి అడిగే జబ్బుకి మా దగ్గర మందు లేదండీ" అంది.

పరువు వదిలేసి, అది మా అక్క మొక్క, మా అక్క చదువు అని ఒప్పుకున్నాను.

"అయితే ఆవిడనే రమ్మనండి, ఇస్తాను. అందాకా నీళ్ళు నేను పోస్తాలెండి. మరి ఈ దారం? అదీ అక్కదేనా?"

"కాదు. అది నేనే కట్టాను" అన్నాను.

అక్కా, నువ్వెళ్ళి మొక్క తెచ్చుకో. ఆ ఒక్క ముడి మాత్రం నాకు వదిలెయ్.

నీ మొక్కల కాపలాదారు,
బుడ్డోడు